ఒకే చేతి బండి

గత ఆదివారం ఉదయం మా బావమరిది కిరణ్ కొత్తగా కొన్న మోటారు సైకిలు మీద మాచర్ల నుంచి సాగర్ రోడ్డులో పదకొండు కిలోమీటర్లు వెళ్ళి, పదకొండు కిలోమీటర్లు వెనక్కి వచ్చాను. బయలుదేరేటప్పుడు మీటరులో 412 ఉంది, తిరిగివచ్చేసరికి 434. రెండు అంకెలనూ ఆ రోజే డైరీలో ఎక్కించాను. ముప్పై ఏళ్ళకు పైగా కాలువ గేజీల్లో నీటిమట్టం చూసి రిజిస్టరులో రాసే ఉద్యోగం నాది; కంటికి కనబడిన అంకెను రాయకుండా వదిలిపెట్టడం నా చేత కాదు. అయితే ఆదివారం నుంచి నన్ను వేధిస్తున్నవి ఈ అంకెలు కావు. పందొమ్మిదేళ్ళ వయసులో, ఒక నోటుపుస్తకంలో, నా చేతులారా దిద్దిన ఇంకొక అంకె.

ముందు బండి సంగతి చెప్పాలి. పక్క స్టాండు తీసి నిలబెట్టగానే బరువు రెండు చేతుల్లోకీ దిగింది. రెండు బియ్యం బస్తాలను అంచు మీద నిలబెట్టి పట్టుకున్నట్టు, కాస్త వాలితే ఇక నా వశంలో ఉండదనిపించింది. క్లచ్చి వదిలి, చక్రం ఒక చుట్టు తిరిగేసరికి ఆ బరువు ఎటు పోయిందో తెలియలేదు. కిక్కు కొట్టే పని లేదు. బొటనవేలితో మీట నొక్కితే రెండు సిలిండర్లు ఒకదాని మాట ఒకటి అందుకుంటున్నట్టు పలికాయి. పొగ లేదు, ఆయిలు కాలిన వాసన లేదు. మీటరులో ముల్లు కూడా లేదు. గాజు పలక మీద అంకెలు వాటంతట అవే మారుతుంటాయి. మూడో గేరులో, నలభై దగ్గర, ఇంజను ఇంకా నిద్ర లేవనట్టే ఉంది. ఆరో గేరులో అరవైకి వచ్చాక మోకాళ్ళ మధ్య ట్యాంకు సన్నగా అదరడం మొదలుపెట్టింది. తన దగ్గరున్న బలంలో మూడో వంతు కూడా నేను అడగలేదని అది నాకు తెలియజేస్తున్నట్టు అనిపించింది.

కొండ మలుపు దాటాక ఆ రోడ్డు నాపరాళ్ళ గనుల పక్కన కొలబద్ద పెట్టి గీసినట్టు సాగుతుంది. అక్కడ నా కుడిచెయ్యి, నేను చెప్పకుండానే, పావు అంగుళం తిరిగింది. అరవై రెండు, డెబ్భై, ఎనభై నాలుగు. భుజాలను ఎవరో వెనక్కి లాగినట్టయింది. చెవుల్లో గాలి మోత మారింది. రోడ్డు పక్క కల్లంలో ఆరబోసిన మిర్చి ఘాటు ముక్కుకు అందీ అందకముందే వెనకబడిపోయింది. అంతలోనే, మళ్ళీ నేను చెప్పకుండానే, ఆ చెయ్యి వెనక్కి తిరిగింది. కొత్త బండికి షోరూం వాళ్ళు పెట్టిన వేగం హద్దును నేను దాటలేదు. అయినా బండి అరవైకి దిగాక అద్దంలో వెనక రోడ్డును చూశాను. ఎవరైనా చూశారేమోనన్న భయం అది. యాభై ఆరేళ్ళ వయసులో, ముందూ వెనకా మనిషి లేని రోడ్డు మీద, నన్ను ఎవరు చూడాలి? ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. చూడవలసిన మనిషి మా తాతయ్య. ఆయన పోయి చాలా ఏళ్ళయింది.

తాతయ్యకు, అంటే మా అమ్మ తండ్రికి, మాచర్ల రైల్వే స్టేషను వెనక నాపరాళ్ళ యార్డు ఉండేది. మా అమ్మానాన్నలు గురజాలలో ఉంటే నేను తాతయ్య ఇంట్లో ఉండి డిగ్రీ చదివాను. ఇల్లూ యార్డూ ఒకే గోడకు అటూ ఇటూ. తెల్లవారకముందే పాలిష్ మిషను తిరిగేది. తడి రాయి అరిగిన బురద వాసనతో మాకు తెల్లవారేది. అమ్మమ్మ ఎన్నిసార్లు తుడిచినా గడపల మీద ఆ బూడిదరంగు పొడి సన్నగా పేరుకునేది. తాతయ్య మొదటి లారీకి లోడు ఎత్తించే ముందు ప్రతి పలకనూ మధ్యవేలి కణుపుతో తట్టి, తల పక్కకు వంచి వినేవాడు. గణగణమంటే పలికే రాయి, లారీకి పోతుంది. మొద్దుగా మోగితే మూగరాయి, లోపల ఎక్కడో పగులుంది, పక్కన పడేయాలి. కంటికి ఎంత నునుపుగా ఉన్నా ఆయన ఒప్పుకునేవాడు కాదు. మనుషుల దగ్గర కూడా అదే పద్ధతి. ఒక మాట అడిగి, జవాబు మోగిన తీరును బట్టి ఆ మనిషిని లారీకో పక్కకో వేసేవాడు. నన్ను రెండేళ్ళు విని, పలకల కొలతల టేపు నా చేతికిచ్చాడు. పొడవూ వెడల్పూ నేను చెబితే చాలు, రెండోసారి కొలిపించేవాడు కాదు. ఆ టేపును మించిన గౌరవం నాకు తర్వాత ఏ ఉద్యోగంలోనూ దక్కలేదు.

ఆయన కొడుకు, మా మామయ్య కోటేశ్వరరావు, నాకంటే ఏడేళ్ళు పెద్ద. నాకు సైకిలు నేర్పింది ఆయనే, కుడికాలువలో ఈత నేర్పిందీ ఆయనే. నవ్వితే యార్డులో కూలీలు చేతిలో పని ఆపి చూసేవారు. ఆయనకు లేనిదల్లా ఓపిక. పాలిష్ మిషను కోసం తెచ్చిన కొత్త ఆయిలింజనును మొదటి వారంలోనే పూర్తి వేగంతో తిప్పి కాల్చేశాడు. అందుకే, ఊళ్ళో ఎవరికీ లేని రెండు సైలెన్సర్ల మోటారు సైకిలు తనకు కావాలని పట్టుబట్టినప్పుడు, తాతయ్య ఒక షరతు మీద ఒప్పుకున్నాడు.

"వెయ్యి కిలోమీటర్లు నిండేదాకా నువ్వు దాన్ని ముట్టుకోవద్దు. శీనుగాడు నడుపుతాడు. వాడి చెయ్యి నికరం."

"బండి నాది, చెయ్యి వాడిదా? ఇదేం ఏర్పాటు నాన్నా?"

"ఆయిలింజను కూడా నీదే గదరా."

మామయ్య నవ్వేసి ఒప్పుకున్నాడు. కొత్త ఇంజను లోపలి భాగాలు ఒకదానికొకటి ఒరుసుకుని సర్దుకునేదాకా బండిని మెల్లగా నడపాలి. దాన్నే మెకానిక్కులు రన్నింగ్ అనేవారు. రన్నింగ్‌లో బండి ఒకే చేతి మీద ఉండాలని, చేతులు మారితే ఇంజను ఏ చేతికీ అలవాటు పడదని పల్నాడులో అందరూ నమ్మేవారు. ఇప్పటికీ పాత బండి అమ్మేవాడు మొదట చెప్పే మాట, "ఒకే చేతి బండి" అనే. మామయ్య నన్ను పక్కకు తీసుకెళ్ళి భుజం మీద చెయ్యి వేశాడు. "ఒరేయ్ శీనూ, వెయ్యి నిండిన రోజు మనిద్దరం సాగర్ పోదాం. కొండ మలుపు దాటాక బండి నీదే. ఎంత తిప్పుతావో తిప్పు. నేను వెనక కూచుంటా, నోరెత్తను."

ఆ ఒక్క మాట కోసం నేను ఆ బండిని నలభై దాటకుండా నడిపాను. పెట్రోలులో ఆయిలు కలిపే కొలత గ్లాసును వెలుగుకెత్తి, గీత దగ్గర కంటిని సమంగా పెట్టి చూసేవాణ్ణి. ఆ వాసన సబ్బుతో రుద్దినా వదిలేది కాదు. "ఏందిరా, అన్నంలో కూడా ఇదే కంపు" అని అమ్మమ్మ గొణిగేది. కిక్కు కొట్టగానే రెండు సైలెన్సర్ల నుంచి నీలం పొగ లేచి, పెరటి గోడ దాటి, పొరుగింటి పిన్ని దండెం మీద ఆరేసిన బట్టల్లోకి పోయేది. చేతికింద ఆ ఇంజను, కళ్ళెం బిగించిన జంతువులా, తెంపుకుపోవాలని చూస్తున్నట్టుండేది. ఎడ్లబండ్లు తప్ప అన్నీ నన్ను దాటిపోయేవి. "కొత్త బండెక్కి పెళ్ళినడక నడుస్తున్నావేంది అల్లుడూ" అని పాలవాళ్ళు వెక్కిరించేవారు. ఇంటికి వచ్చి, బండిని వసారాలో పెట్టి, మీటరు చూసి, నలభై పేజీల నోటుపుస్తకంలో తేదీ, బయలుదేరిన అంకె, చేరిన అంకె రాసేవాణ్ణి. తాళం తాతయ్య గదిలో క్యాలెండరు కింద మేకుకు వేలాడేది.

ఒక రోజు 580తో బయలుదేరి 611 దగ్గర ఆపాను. ఆ సాయంత్రం తాతయ్య లోడు లారీతో నరసరావుపేట వెళ్ళాడు. నేను అమ్మను చూడడానికి గురజాల బస్సెక్కాను. మర్నాడు ఉదయం తిరిగివచ్చి బండి తీయబోతే మీటరులో 661 ఉంది. యాభై ఎక్కువ. మాచర్ల నుంచి సాగర్ వెళ్ళిరావడానికి సుమారుగా సరిపోయే దూరం అది. ఆ సంగతి నాకు తట్టలేదని రాస్తే అబద్ధమవుతుంది. తట్టింది. కానీ మామయ్య మాట తప్పాడనుకోవడం కంటే నా కన్ను తప్పిందనుకోవడం తేలికనిపించింది. సందెచీకటిలో ఆరును చూసి ఒకటి అనుకున్నానేమో. కలం తీసి, ముందు రోజు రాసిన 611లో నడిమి ఒకటికి కడుపు చుట్టి ఆరు చేశాను. పుస్తకం మీటరుతో సరిపోయింది. మనసు తేలికపడింది. నా జీవితంలో నేను చేసిన ఒకే ఒక్క దొంగ లెక్క అది, అదీ నా మీద నేనే రాసుకున్నది.

ఆ రోజే, రైల్వే గేటు దాటి ముప్పై అయిదులో పోతుండగా, ఇంజను ఒక్కసారిగా బిగుసుకుపోయింది. వెనక చక్రం తిరగడం మానేసి రోడ్డును గీసుకుంటూ పోయింది. నేను పక్కకు పడ్డాను. మోచేయి చర్మం లేచిపోయింది. మస్తాను అనే మెకానిక్కు యార్డుకే వచ్చి, గోనెపట్టా పరిచి, సిలిండరు విప్పాడు. పిస్టను మీద నిలువు గీతలు. గోరుతో వాటిని తడిమి తల అడ్డంగా ఊపాడు.

"ఇది నలభైలో పడిన గీత కాదు పెదబాబూ. ఎవరో బాగా పిండారు. అప్పుడు ఎట్టానో ఓర్చుకుంది, ఇయ్యాళ పట్టేసింది."

తాతయ్య గోనెపట్టా పక్కన గొంతుకూర్చుని ఉన్నాడు. తలెత్తకుండా అడిగాడు. "ఎవరి చెయ్యి?"

నేను మామయ్య వైపు చూశాను. ఆయన నూనె గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. ఆ చేతులకు అప్పటికి నూనె అంటలేదు.

"ఒకే చేతి బండి గదా నాన్నా. వాడి చెయ్యే."

తాతయ్య నా పుస్తకం తెప్పించాడు. కళ్ళకు దూరంగా పట్టుకుని, వేలు పెట్టి, వరస వరసా చదివాడు. ఏ రోజూ ముప్పై నలభై కిలోమీటర్లకు మించలేదు. 580 నుంచి 661 అని ఉన్న చోట వేలు ఆగింది.

"నిన్న ఎనభై ఒకటి తిరిగావు. యాడికి పోయావురా?"

అంకె నేను దిద్దానని చెబితే, ఎందుకు దిద్దావంటాడు. ఎందుకో చెబితే, ఆ మాట మామయ్య మీదకు పోతుంది. ఆయనే నోరు విప్పుతాడని ఎదురుచూశాను. ఆయన నూనె గుడ్డను మడతపెట్టి, ఆ మడతను మళ్ళీ మడతపెట్టాడు. నా మౌనాన్ని తాతయ్య తల పక్కకు వంచి విన్నాడు. ఆయన పలకలను వినే తీరు అదే. తర్వాత లేచి, పంచె దులుపుకుని, "టేపు అక్కడ పెట్టు. రేపటి నుంచి కొలతలకు రావద్దులే, చదువుకో" అన్నాడు. గొంతు పెంచలేదు. మూగరాయిని పక్కన పడేసేటప్పుడు కూడా ఆయన గొంతు పెంచేవాడు కాదు.

ఆ రోజు భోజనాల దగ్గర అమ్మమ్మ నా కంచంలో అడగకుండానే రెండోసారి గోంగూర వేసి, దాని మీద నెయ్యి వంచింది. మోచేతి దెబ్బకు జాలిపడిందనుకున్నాను. ఆ గీతలు పోయేలా సిలిండరును లోపల అరగదీయించి, బండికి బోరు చేయించారు. తర్వాత దాన్ని మామయ్యే నడిపాడు. నేను వెనక సీటు మీద కూడా ఎక్కలేదు, ఎక్కమని ఆయనా అనలేదు. డిగ్రీ అవగానే వేరే ఊరు వెళ్ళిపోయాను. తాతయ్య చివరి రోజుల్లో చూడబోతే, నీళ్ళు తాగించమని సైగ చేశాడు, తాగించాను. నా చెయ్యి పట్టుకుని, తిప్పి చూసి, వదిలేశాడు. ఏమనుకున్నాడో నాకు తెలియదు. ఆ చెయ్యి నికరమైనదని నిరూపించడానికి నేను చేసిన ఉద్యోగమూ, నింపిన రిజిస్టర్లూ ఆయన చూడలేదు.

ఆదివారం నన్ను రమ్మని ఫోను చేసింది మామయ్యే. "ఒరేయ్ శీనూ, మావాడు బండి కొన్నాడు, రన్నింగ్‌లో ఉంది. ఒకసారి వచ్చి నడుపు. ఆ నోటుపుస్తకం ఇంకా ఉందా? ఉంటదిలే నీ దగ్గర. పట్టుకురా, వాడికి చూపిద్దాం." యార్డు ఉన్నచోట ఇప్పుడు కిరణ్ కంకర మిల్లు ఆఫీసు ఉంది. గడపల మీద పొడి మాత్రం అదే. తాళం ఇస్తూ కిరణ్ అన్నాడు, "నా స్నేహితులకెవరికీ ఇవ్వలేదు బావా. నీ చేతికైతే భయం లేదని నాన్న చెప్పాడు." ఆ మాటను మెచ్చుకోలుగా తీసుకుని బయలుదేరాను. పదకొండో కిలోమీటరు దగ్గర బండి తిప్పుతుండగా అర్థమైంది. నా చేతికి భయం లేదని మామయ్యకు ఎలా తెలుసు? లోకం దృష్టిలో ఒక ఇంజనును పాడుచేసిన చెయ్యి కదా ఇది.

తిరిగివచ్చేసరికి వసారాలో టీ వచ్చింది. మామయ్య కుర్చీలో వెనక్కి వాలి నవ్వుతున్నాడు.

"ఎంతలో పోయావురా?"

"అరవై. ఒకచోట ఎనభై నాలుగు."

"చూశావంట్రా కిరణ్, మీ బావ లెక్క? నేను ఆ రోజుల్లో రన్నింగ్‌లోనే తొంభై కొట్టా. మా నాన్న లారీతో పేట పొయ్యాడు, వీడేమో గురజాల బస్సెక్కాడు. మీ నాయనమ్మ ముట్టుకోమాకురా అని మొత్తుకుంటానే ఉంది. సాగర్ డ్యాము దాకా పొయ్యి తిరిగొచ్చా. చానా మజా వచ్చిందిలే. మర్నాడే గదా ఇంజను పట్టేసింది."

"మరి తాతయ్య ఏమన్నాడు?" అని కిరణ్ అడిగాడు.

"ఏమంటాడు. బోరు చేయించాం."

నా చేతిలో టీ గ్లాసు ఉంది. దాన్ని కింద పెట్టడానికి చోటు చూసుకున్నాను. అమ్మమ్మ ఆ సాయంత్రం ఇంట్లోనే ఉన్నదన్న సంగతి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. ఆ నెయ్యి ఎందుకు వంచిందో అప్పుడు తెలిసింది.

"తాతయ్య నన్నన్నాడు మామయ్యా. ఎవరి చెయ్యి అని అడిగితే, వాడి చెయ్యే అని నువ్వు చెప్పావు."

"అన్నానా?" ఆయన నిజంగానే వెతుక్కున్నట్టు పైకి చూశాడు. "ఏమోరా, ఎప్పటి మాట. ఒకే చేతి బండి గదా అని అనుంటా. ఎవరి చెయ్యైతే ఏంది ఇప్పుడు, ఆ బండీ లేదు, ఆయనా లేడు."

ఆయన అబద్ధం ఆడి ఉంటే నాకు కొంత నయంగా ఉండేది. నేను ఇన్నేళ్ళు మోసినదాన్ని ఆయన దాచలేదు, మరిచిపోయాడు. నేను నిద్రలో కూడా నలభై దాటకుండా బతుకుతుంటే, ఆయనకు ఆ సాయంత్రం ఒక సరదా కథగా మిగిలింది. అప్పటి మామయ్య మీద నాకు కోపం లేదు. ఇరవై ఆరేళ్ళవాడు తండ్రికి భయపడ్డాడు. ఈ ఆదివారపు మామయ్యను ఏమనాలో నాకు తెలియడం లేదు.

సంచీలోంచి నోటుపుస్తకం తీశాను. ఆ పేజీ వెతుక్కోవలసిన పని నాకు లేదు. కిరణ్ వంగి చూశాడు.

"ఈ ఆరు కింద ఒకటి కనబడతంది బావా."

మా రిజిస్టర్లలో ఒక పద్ధతి ఉంది. తప్పు పడిన అంకె మీద ఇంకొక అంకె దిద్దకూడదు. దాన్ని ఒక గీటుతో కొట్టి, సరైనది పక్కన రాసి, రాసినవాడు పొట్టి సంతకం పెట్టాలి. అది నిజమని ఎరిగిన ఇంకొకరు తన పొట్టి సంతకం పెట్టాలి. పందొమ్మిదేళ్ళప్పుడు నాకు ఈ పద్ధతి తెలియదు. కలం తీసి 661ని కొట్టేశాను. పక్కన 611 అని రాశాను. నా సంతకం పెట్టి, పుస్తకాన్నీ కలాన్నీ మామయ్యకు అందించాను.

"రెండో సంతకం నీది."

"ఏందిరా ఇది, ఆఫీసా?"

"ఆఫీసు కాదు గనకే అడుగుతున్నా."

ఆయన పుస్తకాన్ని తాతయ్యలాగే కళ్ళకు దూరంగా పట్టుకున్నాడు. కలం మూత తీయలేదు. "కళ్ళజోడు లేదురా. తర్వాత చూద్దాంలే" అని రెండూ నా ఒడిలో పెట్టాడు. కళ్ళజోడు ఆయన చొక్కా జేబులోనే ఉంది. కిరణ్ ఆ జేబు వైపు ఒకసారి చూసి, ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

నేను చెప్పులు వేసుకుంటుంటే మామయ్య గుమ్మం దాకా వచ్చి, వెనకటిలాగే భుజం మీద చెయ్యి వేశాడు. "వెయ్యి నిండాక మళ్ళీ రారా. మనిద్దరం సాగర్ పోదాం. కొండ మలుపు దాటాక బండి నీ చేతికే ఇస్తాం."

వసారాలో బండి పక్కనుంచి వెళుతూ, అలవాటు కొద్దీ, మీటరు చూశాను. తాళం బండికే ఉండిపోవడంతో అంకెలు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి. 434. వెయ్యికి ఇంకా 566 ఉంది.